మద్యపాన వ్యసనం: సహాయక బృందాన్ని ఎలా వెతుక్కోవాలి? మొదటి సమావేశంలో ఏం జరుగుతుంది?

కార్తీక మాసంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టని వ్యక్తి, మాల తీసిన సాయంత్రమే మళ్లీ సీసా అందుకోవడం తెలుగు నాట కొత్త దృశ్యం కాదు. మాల మెడలో ఉన్నన్నాళ్లూ చుట్టూ తోటి స్వాములుంటారు. తెల్లవారుజామున స్నానం, పూజ, భిక్ష, సాయంత్రం భజన అంటూ ఒక నియమం ఉంటుంది. తాగమని బలవంతపెట్టే స్నేహితుడు కూడా ఆ రోజుల్లో పక్కకు తప్పుకుంటాడు. మాల తీశాక అవన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. మనిషి, అతని అలవాటు మాత్రమే మిగులుతారు.

దీక్ష లేని మామూలు రోజుల్లో కూడా అలాంటి తోడును అందించేందుకు పుట్టినవే మద్యపాన విముక్తి సహాయక బృందాలు. తాగుడు వల్ల నష్టపోయి, మానుకునే ప్రయత్నంలో ఉన్నవారు ఒకచోట కూర్చుని తమ అనుభవాలు చెప్పుకోవడమే వీటి పద్ధతి. ఇక్కడ ఫీజు ఉండదు, వైద్యుడు ఉండడు, హాజరుపట్టీ ఉండదు. అయినా ఇలాంటి బృందం ఒకటి తమ ఊళ్లోనే ఉండవచ్చన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు.

సమస్య ఎంత పెద్దది?

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ కోసం దిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం నిర్వహించిన దేశవ్యాప్త సర్వే నివేదిక 2019లో వెలువడింది. దాని ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసు వారిలో 14.6 శాతం మంది, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. పురుషుల్లో ఇది 27.3 శాతం, స్త్రీలలో 1.6 శాతం. వీరిలో సుమారు 5.7 కోట్ల మందికి మద్యం సమస్యకు ఏదో ఒక సాయం అవసరం. దాదాపు 2.9 కోట్ల మంది పూర్తిగా వ్యసనపరులు.

అదే నివేదికలో మరో అంకె ఉంది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రూపంలో చికిత్స లేదా సాయం అందింది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరే. పడకలు, వైద్యులు చాలినంతగా లేని దేశంలో పరస్పర సహాయ బృందాల ప్రాధాన్యం ఈ అంకెల్లోనే కనిపిస్తుంది.

మానే ముందు వైద్యుడిని కలవాలి

బృందానికి వెళ్లే ముందు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగుతున్న వ్యక్తి ఉన్నట్టుండి మానేస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు. తాగడం ఆపిన కొద్ది గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి మూర్ఛ వస్తుంది. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మరికొందరు మతి తప్పి, లేనివి కనిపిస్తున్నాయని, వినిపిస్తున్నాయని కేకలు వేస్తారు. ఈ స్థితిని వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. దీనికి వెంటనే ఆసుపత్రి చికిత్స అందాలి. గాలి సోకిందనో, చేతబడి జరిగిందనో భావించి మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తే విలువైన సమయం చేజారిపోతుంది.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ కారణంగా మద్యం, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి లక్షణాలతో రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారి విషయంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అందువల్ల రోజూ తాగేవారు, పొద్దున లేవగానే చేతులు వణికేవారు, గతంలో మానినప్పుడు మూర్ఛ వచ్చినవారు ముందుగా వైద్యుడిని సంప్రదించాలి. వణుకు, ఆందోళన తగ్గించే మందులు, బి1 విటమిన్ ఇచ్చి కొన్ని రోజుల్లో శరీరాన్ని కుదుటపరుస్తారు. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు కూడా ఉన్నాయి. ఇవి వాడుతూనే బృందానికి వెళ్లవచ్చు. ఒకటి ఉంటే మరొకటి అక్కర్లేదనుకోవడం పొరపాటు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ నేపథ్యం

ఇలాంటి బృందాల్లో అన్నిటికంటే విస్తృతమైనది ఆల్కహాలిక్స్ అనానిమస్. సభ్యులు దీన్ని క్లుప్తంగా ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఆక్రన్ నగరంలో ఇది మొదలైంది. న్యూయార్క్ స్టాక్ మార్కెట్‌లో పనిచేసిన బిల్ విల్సన్ వ్యాపార పనిమీద ఆ ఊరు వెళ్లాడు. పని చెడిపోయింది. హోటల్ బార్ పక్కనే ఉంది. తాగకుండా ఉండాలంటే తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలని అతనికి తోచింది. ఫోన్ల మీద ఫోన్లు చేసి చివరకు స్థానిక శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ బాబ్ స్మిత్‌ను కలిశాడు. బాబ్ చివరిసారి తాగిన 1935 జూన్ 10వ తేదీనే ఏఏ పుట్టినరోజుగా పరిగణిస్తారు. ‘పన్నెండు మెట్లు’గా పేరొందిన వారి పద్ధతిని వివరించే గ్రంథం 1939లో వెలువడింది.

భారతదేశంలో ఏఏ 1957లో బొంబాయిలో ప్రారంభమైంది. సంస్థ జాతీయ సేవా కార్యాలయం నేటికీ ముంబయిలోనే ఉంది. ‘అనానిమస్’ అంటే పేరు తెలియనివారు. సభ్యులు ఇంటిపేరు, ఉద్యోగం, కులం, చిరునామా చెప్పనక్కర్లేదు. పత్రికల్లో, రేడియోలో, తెరమీద తాము సభ్యులమని బయటపెట్టుకోకూడదన్నది సంస్థ పాటించే సంప్రదాయం. సభ్యత్వానికి ఒకటే అర్హత: తాగుడు మానాలన్న కోరిక. అప్పటికే మానేసి ఉండాలన్న నియమం లేదు. బయటివారి నుంచి విరాళాలు తీసుకోరు. సభ్యులు వేసే చిల్లరతోనే గది అద్దె, టీ ఖర్చులు గడుస్తాయి.

బృందాన్ని ఎలా కనుక్కోవాలి?

ఇందుకు ప్రధానంగా నాలుగు దారులున్నాయి.

మొదటిది, ఏఏ భారతదేశ విభాగం వెబ్‌సైట్. రాష్ట్రం, నగరం వారీగా సమావేశాల వివరాలు, సంప్రదించవలసిన నంబర్లు అందులో దొరుకుతాయి. ఫోన్ ఎత్తేది కూడా ఒకప్పుడు తాగి మానినవారే. సమావేశం ఏ భాషలో జరుగుతుందో ముందే అడగాలి. హైదరాబాద్ వంటి నగరాల్లో ఒక బృందం తెలుగులో నడిస్తే మరొకటి ఇంగ్లిష్‌లోనో, హిందీలోనో నడుస్తుంది. భాష తెలియని గదిలో కూర్చుని, ఇది తనకు పనికిరాదని వెనుదిరిగినవారు ఉంటారు.

రెండవది, ప్రభుత్వ హెల్ప్‌లైన్లు. వ్యసన విముక్తికి సంబంధించిన జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446. మానసిక ఆరోగ్య సాయం కోసం 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవ నంబరు 14416. దీనిలో తెలుగులో మాట్లాడవచ్చు. వీటి ద్వారా దగ్గరలోని చికిత్సా కేంద్రం వివరాలు తెలుస్తాయి.

మూడవది, ఆసుపత్రి. ప్రభుత్వ బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగాలకు, విశాఖపట్నం, ఎర్రగడ్డల్లోని మానసిక చికిత్సాలయాలకు, బెంగళూరు నిమ్హాన్స్‌లోని వ్యసన చికిత్సా కేంద్రానికి వెళ్లినవారు డిశ్చార్జి సమయంలో తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ‘మా ఊరికి దగ్గరలో బృందం ఎక్కడుంది?’ చికిత్సా కేంద్రాల్లోనే వారానికోసారి సమావేశాలు జరిగే చోట్లు కూడా ఉన్నాయి.

నాలుగవది, ఆన్‌లైన్. కొవిడ్ కాలంలో విస్తరించిన వీడియో సమావేశాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. చిన్న ఊళ్లలో ఉండేవారికి, గల్ఫ్ దేశాల్లోనో అమెరికాలోనో పనిచేస్తూ తెలుగులో మనసు విప్పుకోవాలనుకునే వారికి ఇవి అక్కరకొస్తాయి. కెమెరా ఆపి, పేరు మార్చుకుని కూడా వినవచ్చు.

మొదటి సమావేశం

సమావేశాలు సాధారణంగా పాఠశాల గదిలోనో, చర్చి ఆవరణలోనో, సామాజిక భవనంలోనో సాయంత్రం వేళ జరుగుతాయి. చర్చిలో జరిగినంత మాత్రాన అది మత కార్యక్రమం కాదు. తక్కువ అద్దెకు గది దొరకడమే అందుకు కారణం. నిడివి గంట నుంచి గంటన్నర. సమావేశాలు రెండు రకాలు. ‘ఓపెన్’ సమావేశానికి కుటుంబసభ్యులు, విద్యార్థులు, ఆసక్తి ఉన్న ఎవరైనా రావచ్చు. ‘క్లోజ్డ్’ సమావేశం మద్యం సమస్య ఉన్నవారికే. భార్యనో అన్ననో వెంటబెట్టుకుని వెళ్లదలచినవారు ఓపెన్ సమావేశం ఏ రోజో కనుక్కుని వెళ్లడం మంచిది.

గదిలో కుర్చీలు, గోడమీద పన్నెండు మెట్లు రాసిన పటం, బల్లమీద కొన్ని పుస్తకాలు, ఒక మూల టీ ఫ్లాస్కు కనిపిస్తాయి. ఆ రోజు నిర్వహణ బాధ్యత తీసుకున్న సభ్యుడు సంస్థ ఉద్దేశాన్ని చదివి వినిపిస్తాడు. తర్వాత ఒక్కొక్కరూ పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని పరిచయం చేసుకుని మాట్లాడతారు. గతంలో ఎలా ఉండేది, ఏం జరిగింది, ఇప్పుడెలా ఉంది అన్నదే అందరి కథకూ ఆధారం. కూతురి పెళ్లిరోజున తాగి పడిపోయిన తండ్రి, జీతం రోజున ఇల్లు చేరని ఉద్యోగి, తాకట్టులో పోయిన పొలం వంటి సంగతులు ఇక్కడ వినిపిస్తాయి. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు అడ్డుచెప్పరు, సలహా ఇవ్వరు, తీర్పు చెప్పరు.

‘తాగుబోతు’ అన్నది ఊరు తగిలించే మాట. దాన్ని విన్నవాడు తలదించుకుంటాడు, లేదా తిరగబడతాడు. ఈ గదిలో అదే అర్థమున్న మాటను మనిషి తనకు తానుగా, తనలాంటివారి ముందు చెప్పుకుంటాడు. ఎదుటివారు నవ్వరు. దాచిపెట్టడానికి ఖర్చయ్యే శక్తి అక్కడితో మిగులుతుందని పాత సభ్యులు చెబుతారు.

కొత్తగా వచ్చినవారు మాట్లాడి తీరాలన్న నియమం లేదు. ‘ఈ రోజు వింటాను’ అంటే చాలు. సంచీ తమ ముందుకు వచ్చినప్పుడు డబ్బు వేయనక్కర్లేదు. చివర్లో అందరూ నిలబడి చిన్న ప్రార్థన చెబుతారు. ఇష్టం లేనివారు మౌనంగా ఉండవచ్చు. ముగిశాక ఒకరిద్దరు దగ్గరికి వచ్చి ఫోన్ నంబరు ఇస్తారు. తాగాలనిపించినప్పుడు, గ్లాసు అందుకోకముందే ఫోన్ చేయడానికి ఆ నంబరు.

తాగి వెళ్లవచ్చా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. గొడవ చేయకుండా కూర్చున్నంతవరకు సాధారణంగా ఎవరూ పంపివేయరు. ఆ రోజు మాట్లాడకుండా వినమంటారు.

తర్వాతి వారాలు

ఒక్క సమావేశంతో నిర్ణయానికి రావద్దని సభ్యులు సూచిస్తారు. ఒక్కో బృందం వాతావరణం ఒక్కోలా ఉంటుంది. కనీసం నాలుగైదు సార్లు, వీలైతే రెండు మూడు వేర్వేరు బృందాలకు వెళ్లి చూడాలి. తొలి 90 రోజుల్లో 90 సమావేశాలకు వెళ్లమన్నది ఏఏలో తరచూ వినిపించే సలహా. అన్ని ఊళ్లలో అది సాధ్యం కాకపోయినా, తొలి మూడు నెలల్లో ఎంత తరచుగా వెళ్తే అంత మేలన్నది దాని సారాంశం.

కొంతకాలానికి కొత్త సభ్యుడు ఒక ‘స్పాన్సర్’ను ఎంచుకుంటాడు. ఇక్కడ ఆ మాటకు డబ్బు పెట్టేవాడని అర్థం కాదు. కొన్నేళ్లుగా తాగకుండా ఉంటూ, పన్నెండు మెట్ల దారిలో చేయిపట్టి నడిపించే పెద్దన్న లాంటివాడు. సాధారణంగా పురుషులకు పురుషులు, స్త్రీలకు స్త్రీలు స్పాన్సర్లుగా ఉంటారు. చేసిన తప్పులను నిజాయితీగా లెక్కవేసుకోవడం, ఎవరికి నష్టం చేశామో గుర్తించి వీలైనచోట సరిదిద్దుకోవడం, చివరకు మరో వ్యసనపరుడికి సాయపడటం ఈ మెట్లలోని ముఖ్యాంశాలు. జీవితాంతం తాగనని ప్రతిజ్ఞ చేయమని ఎవరూ అడగరు. ఈ ఇరవై నాలుగు గంటలు తాగకుండా గడపడమే లక్ష్యం. రేపటి సంగతి రేపు.

మధ్యలో మళ్లీ తాగితే? మధుమేహం, రక్తపోటు అదుపు తప్పినట్టే ఇది కూడా దీర్ఘకాలిక వ్యాధిలో భాగమేనని వైద్యులు చెబుతారు. సిగ్గుపడి సమావేశాలకు రావడం మానేయడమే అసలు నష్టం. తిరిగి వచ్చినవారిని బృందం మొదటి రోజున ఆదరించినట్టే ఆదరిస్తుంది.

కుటుంబం చేయవలసినది, చేయకూడనిది

బిల్ విల్సన్ భార్య లోయిస్ చొరవతో 1951లో అల్-అనాన్ ఏర్పడింది. తాగేవారి భార్యలు, భర్తలు, తల్లిదండ్రులు, స్నేహితుల కోసం నడిచే బృందం ఇది. 1957లో కౌమారదశ పిల్లల కోసం అలటీన్ మొదలైంది. ఇంట్లో మనిషి తాగడం మానకపోయినా కుటుంబసభ్యులు వీటికి వెళ్లవచ్చు. అతని తాగుడుకు తాము కారణం కాదని, దాన్ని తాము అదుపు చేయలేమని, నయం చేయడం కూడా తమ చేతుల్లో లేదని గ్రహించడం దగ్గర ఇక్కడి పాఠం మొదలవుతుంది. అప్పులు తీర్చడం, ఆఫీసుకు అబద్ధం చెప్పి సెలవు ఇప్పించడం వంటివి ప్రేమతో చేసినా తాగుడుకే ఊతమిస్తాయని వారు నేర్చుకుంటారు.

అన్నంలోనో మజ్జిగలోనో రహస్యంగా ‘మందు మాన్పించే మందు’ కలపడం ప్రమాదకరం. ఇలా కలిపే వాటిలో డైసల్ఫిరామ్ ఉండవచ్చు. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది. ప్రాణాలు పోయే ప్రమాదం కూడా ఉంది. రోగికి తెలిసి, అతని అంగీకారంతో, వైద్యుడి పర్యవేక్షణలో మాత్రమే వాడవలసిన ఔషధమది.

బలవంతంగా తీసుకుపోయి గదిలో బంధించే ‘డీ-అడిక్షన్’ కేంద్రాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మద్యం వల్ల కలిగే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. అలాంటి సంస్థలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రోగిని హింసించడం, అవమానించడం చట్టవిరుద్ధం. చేర్చే ముందు రిజిస్ట్రేషన్ పత్రం చూపమని అడగడం కుటుంబం హక్కు.

స్త్రీల పరిస్థితి

సర్వేలో స్త్రీల శాతం తక్కువగా కనిపించినా, తాగే స్త్రీకి అంటే మచ్చ మాత్రం ఎక్కువ. పురుషులతో నిండిన గదిలోకి ఒంటరిగా అడుగుపెట్టడం తేలిక కాదు. పెద్ద నగరాల్లోను, ఆన్‌లైన్‌లోను స్త్రీలకు ప్రత్యేక సమావేశాలున్నాయి. ముందుగా ఫోన్ చేసి మహిళా సభ్యురాలితో మాట్లాడించమని కోరవచ్చు. కొత్తగా వచ్చిన స్త్రీని సాయం పేరిట వ్యక్తిగత సంబంధంలోకి లాగే ప్రయత్నం ఎక్కడైనా ఎదురైతే ఆ బృందాన్ని వదిలి మరో బృందాన్ని చూసుకోవాలి. బృందాలకు పైనుంచి తనిఖీ చేసే అధికారి ఎవరూ ఉండరన్నది గుర్తుంచుకోవాలి.

ఫలితం ఉంటుందా?

వైద్య పరిశోధనలను క్రోడీకరించి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2020లో ఈ అంశంపై సమీక్ష ప్రచురించింది. 10,565 మంది పాల్గొన్న 27 అధ్యయనాలను అందులో పరిశీలించారు. ఏఏ బాటలోకి క్రమపద్ధతిలో నడిపించిన చికిత్స పొందినవారిలో సుమారు 42 శాతం మంది ఏడాది తర్వాత పూర్తిగా తాగకుండా ఉంటే, ఇతర చికిత్సలు పొందినవారిలో అది 35 శాతం. తేడా అద్భుతమేమీ కాదు. కానీ ఉచితంగా, జీవితాంతం అందుబాటులో ఉండే పద్ధతి ఇతర చికిత్సలకు తీసిపోదని, సంపూర్ణ విరమణ విషయంలో ఒకింత మెరుగని ఆ సమీక్ష తేల్చింది. అదే సమయంలో, సగానికి పైగా జనానికి ఏడాదిలో పూర్తి విరమణ సాధ్యపడలేదన్నది కూడా ఆ అంకెల్లోనే ఉంది.

ఏఏ మాటల్లో దేవుడి ప్రస్తావన ఎక్కువని కొందరికి ఇబ్బంది. ఎవరికి తోచిన రూపంలో వారు ఆ శక్తిని భావించుకోవచ్చని సంస్థ చెబుతుంది. నాస్తికులు బృందాన్నే ఆ శక్తిగా భావించడమూ ఉంది. అయినా నచ్చనివారికి ప్రవర్తనా చికిత్స సూత్రాలపై నడిచే స్మార్ట్ రికవరీ వంటి లౌకిక బృందాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

దేశీయ నమూనాలు కూడా లేకపోలేదు. చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో స్థాపించిన టీటీ రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్, ఆసుపత్రి చికిత్సతో పాటు పల్లెల్లోనే శిబిరాలు పెట్టి కుటుంబాలను, ఊరిని చికిత్సలో భాగం చేసింది. కర్ణాటకలో ధర్మస్థల ఆధ్వర్యంలో జరిగే మద్యవర్జన శిబిరాలకు హాజరైనవారు ఆ తర్వాత తమ ఊళ్లలో ‘నవజీవన’ సమితులుగా ఏర్పడి కలుసుకుంటూ ఉంటారు. శిబిరం కన్నా ఆ తర్వాతి కలయికలే మనిషిని నిలబెడతాయన్న అవగాహన దీని వెనుక ఉంది.

చట్టం ఒకవైపు, మనిషి ఒకవైపు

తెలుగువారికి మద్యంపై పోరాటం కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు రగిలించిన సారా వ్యతిరేక ఉద్యమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కదిలించింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. బిహార్‌లో 2016 నుంచి నిషేధం అమల్లో ఉంది. దుకాణం తెరవాలా మూయాలా అన్నది ప్రభుత్వాలు తేల్చే విషయం. దుకాణం తెరిచి ఉన్న వీధిలోంచి ప్రతి సాయంత్రం ఇంటికి నడిచి వెళ్లవలసిన మనిషికి, ఆ పది నిమిషాల నడకలో ఫోన్ చేసి మాట్లాడటానికి మరో మనిషి కావాలి. సహాయక బృందం ఇవ్వగలిగేది అదే.